బదులు గాజు

నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో వీరవేణి చేతికి తెలియలేదు.

బకెట్లో వేళ్లు ముంచింది, తీసింది, మళ్లీ ముంచింది. పొగ కళ్లకు కనిపిస్తూనే ఉంది, ఆవిరి మొహానికి కొడుతూనే ఉంది. వేళ్లకు మాత్రం మందపాటి గుడ్డ చుట్టి ముంచినట్టుంది. పెరట్లో పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుంది తను. ఆ కాళ్ల మీద పది నెలల దీక్షిత బోర్లా పడుకుని, ఒంటినిండా నలుగుపిండితో, నేల మీద పోతున్న చీమను అందుకోవాలని చెయ్యి చాపుతోంది.

వీరవేణి చెంబు ముంచి ఎత్తబోయి ఆగింది. ఎందుకో అనుమానం వచ్చి మోచెయ్యి బకెట్లో పెట్టింది. చుర్రుమంది. ఒక్కసారిగా చెయ్యి లాక్కుంది.

ఆ చెంబెడు నీళ్లు ఇంకో క్షణంలో పాప వీపు మీద పడేవి.

గబగబా నాలుగు చెంబుల చన్నీళ్లు కలిపింది. మళ్లీ మోచెయ్యి పెట్టి చూసింది. అప్పుడు పోసింది.

"ఏమ్మా, ఇంకా అవ్వలేదా? పిల్లకి జలుబు చేసుద్ది!" లోపల్నుంచి అత్తగారు కేకేసింది. చేతిలో సాంబ్రాణి పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"అయిపోయిందత్తయ్యా. కళ్లలో పిండి పడిందని తుడుస్తున్నా," అంది వీరవేణి.

మూడు నెలలుగా ఇలాగే ఏదో ఒక అబద్ధం. వేళ్లకు స్పర్శ పోతోందని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే పని మానెయ్యమంటారు. మానేస్తే ఎలాగో ఎవరూ చెప్పరు.

వీరవేణి పనిచేసేది సముద్రానికి దగ్గరలో ఉన్న రొయ్యల కంపెనీలో. ఇంటర్ మొదటి సంవత్సరం సగంలో ఉండగా పెళ్లయింది. పెళ్లయిన రెండో ఏడు పాప పుట్టింది. పాపకు నాలుగో నెల రాగానే పనిలో చేరింది. చేర్పించింది నూకరత్నం పిన్ని. సొంత పిన్ని కాదు, పక్కింటావిడ. పురుడు వచ్చినరోజు ఆటో దొరక్కపోతే ఎవరిదో ట్రాక్టరు ఆపి, వీరవేణి తలను ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆవిడే. యాభై నాలుగేళ్లు. పదిహేనేళ్లుగా అదే షెడ్డులో రొయ్యలు ఒలుస్తోంది.

ఒలుపు షెడ్డంటే మంచుగది లెక్క. తెల్ల కోటు, నెత్తికి టోపీ, మూతికి గుడ్డ, మోకాళ్లదాకా రబ్బరు బూట్లు. బెల్టు మీద ఐసునీళ్లలో రొయ్యలు వస్తుంటాయి. తల తుంచాలి, పొట్టు లాగాలి, వీపు మీద నల్లనరం గీరి తియ్యాలి. పొద్దున్న ఆరింటికి నిలబడితే మధ్యాహ్నం మూడింటిదాకా నిలబడే ఉండాలి. గంటకొకసారి కడుగుడు. అంటే చేతి తొడుగులు విప్పి, మందునీళ్లలో చేతులు ముంచి, గోరువెచ్చని నీళ్లతో కడుక్కుని, కొత్త తొడుగులు వేసుకుని మళ్లీ బెల్టు దగ్గరికి రావడం.

వీరవేణి చేరిన నెలలోనే గాజులు వచ్చాయి.

అవి నీలం రంగు రబ్బరు పట్టీలు. ఒక్కోదానికి ఒక్కో నంబరు, మధ్యలో మినుము గింజంత దీపం. కంపెనీవాళ్లు దానికి 'తోడు' అని పేరు పెట్టారు. చేతికి వేసుకునేది కాబట్టి ఆడవాళ్లు గాజు అన్నారు, ఆ పేరే నిలిచింది. నాడి ఎంత వేగంగా కొట్టుకుంటోంది, చర్మం ఎంత చల్లబడింది, కండరం ఎక్కడ వణికింది, అన్నీ గాజుకు తెలుస్తాయి. అది చెప్పేదంతా పైన అద్దాలగదిలో ఉన్న యంత్రానికి చేరుతుంది. యంత్రం ఆలోచిస్తుంది. ఒళ్లు బాగుంటే దీపం ఆకుపచ్చగా వెలుగుతుంది. గాజు పసుపు రంగైతే ఆ మనిషి ముందు బెల్టు నెమ్మదిస్తుంది. ఎర్రబడితే ఆగిపోతుంది. ఆగి, గోడ మీద పెట్టెలోంచి మెత్తటి ఆడగొంతు పలుకుతుంది:

"నూకరత్నం గారూ, పది నిమిషాలు విశ్రాంతి తీసుకోండి."

మొదటిసారి ఆ మాట విని నూకరత్నం వెనక్కి తిరిగి చూసింది, ఆ పేరుగల ఇంకో పెద్దమనిషి ఎవరైనా వచ్చిందేమోనని. షెడ్డంతా నవ్వారు.

పక్కనే వెచ్చగది. బెంచీలు, వేడి టీ. నూకరత్నం గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అంది, "ముప్పయ్యేళ్లు కాపరం చేశానే. ఒక్కనాడు మా ఆయన 'అలిసిపోయావా' అని అడిగిన పాపాన పోలేదు. ఈ రబ్బరుముక్క రోజుకి నాలుగుసార్లు అడుగుతుంది. దీన్నే కట్టుకుంటే పోయేది."

"ఇప్పుడు కట్టుకున్నావుగా పిన్నీ, చేతికి," అంది వీరవేణి.

యంత్రాన్ని తయారుచేసింది కమలిని మేడం. ముప్పై దాటి ఉండవు. అప్పుడప్పుడు తనూ బూట్లేసుకుని కిందికి వచ్చి, చలికి పళ్లు టకటకలాడుతుంటే అందర్నీ పేరుపేరునా పలకరించేది. వాళ్ల నాన్న బియ్యం మిల్లులో పనిచేసేవాడట. రెండు షిఫ్టులు వరసగా చేసినరోజు మూడు వేళ్లు మిషను పట్టాలో పడి పోయాయట. "ఆరోజు ఆయన ఎంత అలిసిపోయాడో మిల్లుకి తెలిసుంటే ఆ వేళ్లు ఉండేవి," అని ఒకసారి ఆమే చెప్పింది. అందుకే చేసింది ఈ గాజు.

ఆ రెండు నెలలూ పని పనిలా ఉంది. ఇంటికి వెళ్లాక పాపను ఎత్తుకునే ఓపిక మిగిలేది.

తర్వాత సూపర్‌వైజర్ తాతాజీ బోర్డు మీద ఒక కాగితం అంటించాడు. నెలలో ఆరుసార్లకు మించి గాజు ఎర్రబడినవాళ్లు వచ్చే నెల 'రిజర్వు'. అంటే పిలిచినప్పుడే రావాలి. పిలుపు రాదని అందరికీ తెలుసు. కాగితం కమలిని మేడం పెట్టింది కాదు. ఆమె లెక్కలు ఆఫీసుకు వెళ్లాయి, ఆఫీసు వాటిని తనకు తోచినట్టు వాడుకుంది.

"ఇదేంటండీ తాతాజీగారూ, అలిసినవాళ్లకి విశ్రాంతన్నారు కదా?" అడిగింది నూకరత్నం.

"విశ్రాంతే కదమ్మా ఇచ్చేది. ఇంటికాడ తీసుకోండి, హాయిగా!" అన్నాడాయన.

నూకరత్నానికి అప్పటికే అయిదు ఎరుపులు పడ్డాయి. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులుంది. ఆరోజు బస్సులో ఆవిడ కిటికీ కడ్డీకి తల ఆనించుకుని కూర్చుంది.

ఉపాయం వీరవేణికే తట్టింది.

కడుగుడు దగ్గర చేతులు మందునీళ్లలో ముంచేముందు గాజులు విప్పి స్టీలు పళ్లెంలో పెట్టాలి. అదే పళ్లెం దగ్గరికి ప్యాకింగువాళ్లూ వస్తారు. వాళ్ల పని డబ్బాలు సర్దడం, అక్కడ చలి తక్కువ, మధ్యలో కూర్చోవచ్చు కూడా. ఎప్పుడు చూసినా వాళ్ల గాజులు పచ్చగానే ఉంటాయి.

"పిన్నీ, నీ గాజు ప్యాకింగులో ఉన్న లోవలక్ష్మక్క పెట్టుకుంటే? తన గాజు నువ్వు పెట్టుకుంటే?" అంది నెమ్మదిగా.

నూకరత్నం వీరవేణి వైపు తిరిగింది. "ఊడ్పుల్లో చేసినట్టా? ఇయ్యాల మీ చేలో నేను, రేపు మా చేలో నువ్వు?"

"అంతే."

"మరి లోవలక్ష్మి గాజు నా చేతి మీద ఎర్రబడదా?"

"గంటే కదా పిన్నీ. మళ్లీ కడుగుడులో మార్చేద్దాం. ఇక్కడ కాస్త ఎక్కి అక్కడ కాస్త దిగుద్ది. ఎవ్వరిదీ ఎరుపుదాకా పోదు."

ఊడ్పులకు బదులు వెళ్లిన చేతులే అవన్నీ. ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. వారం తిరిగేసరికి షెడ్డులో నలభైమంది ఆడవాళ్లూ గాజులు మార్చుకుంటున్నారు. దానికి 'బదులు గాజు' అని పేరు కూడా పెట్టారు. ఎవరికి నెలసరో, ఎవరికి జ్వరమో, ఎవరింట్లో పిల్లలు నిద్రపోనివ్వలేదో పళ్లెం దగ్గరే తెలిసిపోయేది. "ఇలా తే నీది" అని తీసేసుకునేవారు. ఆ నెలలో ఎవరూ రిజర్వులోకి పోలేదు. బస్సులో నూకరత్నం వీరవేణి నెత్తిమీద మొట్టి, "ఇంటరు చదివిన బుర్రే!" అంది.

యంత్రం మాత్రం చూస్తూనే ఉంది, నేర్చుకుంటూనే ఉంది.

కడుగుడుకు వెళ్లేముందు అలిసి ఉన్న గాజు, కడిగి వచ్చేసరికి తాజాగా ఉంటోంది. ఒకరిది కాదు, అందరిదీ. రోజూ. దాంతో అది ఒక సంగతి తేల్చుకుంది: ఈ ఆడవాళ్లకు అలుపు తీరడానికి గోరువెచ్చని నీళ్లూ రెండు నిమిషాలూ చాలు. పది నిమిషాల విశ్రాంతి ఆరయింది, ఆరు నాలుగయింది. తర్వాత వెచ్చగదిలో బెంచీలు తీసేసి అట్టపెట్టెలు పేర్చారు. ఒక కడుగుడుకీ ఇంకో కడుగుడుకీ మధ్య ముందు నాలుగు ట్రేలు ఒలిచేవాళ్లు, ఇప్పుడు ఏడు ఒలుస్తున్నారు. ఇదంతా ఒక్కరోజులో జరగలేదు. ఇవాళ కాస్త, రేపు కాస్త. బెల్టు ఎప్పుడు వేగం పెరిగిందో ఎవరూ వేలుపెట్టి చూపించలేరు. తగ్గించమని అడగడానికీ లేదు. అడిగితే, "మీ గాజులే చెబుతున్నాయి కదమ్మా, మీరు బానే ఉన్నారని," అంటాడు తాతాజీ.

గాజులు మార్చుకోవడం మానేద్దామా అంటే, ఆ వేగంలో ఎవరి గాజు వాళ్లు పెట్టుకుంటే మొదటి గంటలోనే ఎర్రబడుతుంది. ఇంకా ఎక్కువగా మార్చుకోసాగారు.

ఒకరోజు కమలిని మేడం కిందికి వచ్చింది, మొహం వెలిగిపోతూ. "మీకు తెలుసా, ఇలాంటి ఫలితం ఎక్కడా రాలేదు. శరీరం ఇంత త్వరగా కోలుకుంటుందని పుస్తకాల్లో కూడా లేదు. వచ్చే శుక్రవారం పదకొండు కంపెనీలవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. వాళ్ల షెడ్లలో కూడా పెడతారు."

వీరవేణి చేతిలో రొయ్య జారి నీళ్లలో పడింది. పుస్తకాల్లో లేదంటే ఎందుకు లేదో ఆ షెడ్డులో నలభైమందికి తెలుసు. ఎవరూ తలెత్తలేదు.

ఆ సోమవారం, మూడో కడుగుడు అయిన పావుగంటకు నూకరత్నం పడిపోయింది.

శబ్దం కూడా పెద్దగా రాలేదు. బెల్టు అంచు పట్టుకుని, ఏదో వెతుక్కుంటున్నట్టు వంగి, అలాగే నేల మీదికి జారింది. వీరవేణి వెళ్లి తల ఎత్తి పట్టుకుంది. మూతి ఒక పక్కకు లాగేసింది. కుడిచెయ్యి వేలాడుతోంది. మణికట్టు మీద గాజు చక్కగా, పచ్చగా వెలుగుతోంది. అది లోవలక్ష్మి గాజు.

బెల్టు ఆగలేదు. పెట్టెలో గొంతు పలకలేదు. గాజు ఎర్రబడి ఉంటే ఆసుపత్రి బండికి యంత్రమే కబురు పంపేది. కడుగుడయి పావుగంటే కాబట్టి అలుపు తీరే ఉంటుందన్నది అది నేర్చుకున్న లెక్క; దానికి తెలిసినంతవరకు షెడ్డులో అందరూ క్షేమమే.

తాతాజీ వచ్చి వంగి గాజు వంక చూశాడు. "పచ్చగానే ఉంది కదా. కాలు జారుంటది. నీళ్లు చల్లి కూర్చోబెట్టండి. బెల్టు దగ్గర ఎవరున్నారమ్మా? చూడండి, రొయ్యలు పోగుపడిపోతున్నాయి!"

వీరవేణి నోరు తెరిచింది. 'ఇది పిన్ని గాజు కాదండీ' అనాలి. అంతే. ఆరు ముక్కలు కూడా లేవు ఆ మాటలో. తలెత్తితే ఎదురుగా లోవలక్ష్మి, నూకరత్నం గాజున్న చేతిని కోటు వెనక్కి దాచుకుని, కళ్లతోనే బతిమాలుతోంది. మొగుడు పోయినమనిషి, ఇద్దరు ఆడపిల్లలు. వెనకాల ఇంకా ముప్పైమంది, అందరి చేతులకూ వేరేవాళ్ల గాజులే.

వీరవేణి నోరు మూసుకుంది. పిన్ని అరచెయ్యి రాస్తున్నట్టు నటిస్తూ గాజు విప్పి, కోటు జేబులో వేసుకుంది.

అరగంట పోయింది. నూకరత్నం కళ్లు తేలేస్తే అప్పుడు బండి పిలిచారు. ఆ గొడవలో వీరవేణి గాజును మళ్లీ పళ్లెంలో పెట్టేసింది.

పట్నం ఆసుపత్రిలో డాక్టరు, "ఒక్క అరగంట ముందు తెచ్చి ఉండాల్సింది," అన్నాడని ఆవిడ కూతురు ఫోన్లో చెప్పింది. ఆ మాట వీరవేణి రోజుకు వందసార్లు విన్నది, ఫోను పక్కన పడేశాక కూడా.

కంపెనీ కాగితం రాసింది. నంబరు అరవై ఒకటి, అంటే నూకరత్నం, ఆ పూట పూర్తి ఆరోగ్యంగా ఉన్నట్టు యంత్రం లెక్కల్లో ఉంది, కాబట్టి ఈ జబ్బుకూ పనికీ సంబంధం లేదు.

బుధవారం సెలవు చీటీ పెట్టి ఆసుపత్రికి వెళ్లింది వీరవేణి. నూకరత్నం సగం కూర్చుని ఉంది, దిండ్ల ఆసరాతో. కుడిచెయ్యి ఒళ్లో ఎవరిదో వస్తువులా పడుంది. మాట ముద్దముద్దగా వస్తోంది.

"వచ్చావే... పిల్లేది?"

"అత్తయ్య దగ్గరుంది పిన్నీ." పక్కన కూర్చుని ఏడ్చింది. "నాకు తెలుసు పిన్నీ. ఆ గాజు నీది కాదని నాకు తెలుసు. చెప్పలేదు. జేబులో వేసుకున్నాను."

నూకరత్నం ఎడమచేత్తో దాని చెయ్యి అందుకుంది. ఓదార్చడానికనుకుంది వీరవేణి. ఆవిడ బొటనవేలి గోటితో దాని చూపుడువేలి కొస గట్టిగా గిల్లింది. ఇంకా గట్టిగా గిల్లింది. గోరు దిగి చర్మం తెల్లబడింది. వీరవేణి కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

గిల్లిన సంగతే దానికి తెలియలేదు.

నూకరత్నం చెయ్యి వదిలేసింది. "నాక్కూడా... ముందు వేళ్లే పోయినియ్యే," అంది. ఒక్కో మాటా తవ్వి తీస్తున్నట్టు. "పిల్లకి... నీళ్లెవరు పోత్తన్నారే?"

వీరవేణి లేచి నిలబడింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లాల్సిన బస్సు ఎక్కలేదు. కంపెనీ వైపు వెళ్లేది ఎక్కింది.

అద్దాలగదిలోకి ఒలుపువాళ్లు ఎవరూ ఎప్పుడూ వెళ్లలేదు. కమలిని మేడం తెర ముందు కూర్చుని ఉంది. తెరనిండా చిన్నచిన్న చేతుల బొమ్మలు, ఒక్కోదాని కింద ఒక నంబరు. అన్నీ పచ్చగా ఉన్నాయి. చూడ్డానికి మొలక వేసిన నారుమడిలా ఉంది.

"వీరవేణీ! ఇవాళ సెలవు కదా? నూకరత్నంగారికి ఎలా ఉంది?"

"మేడంగారండీ, నా గాజు ఒకసారి పెట్టించండి. చెబుతాను."

డెబ్బై నాలుగో నంబరు గాజు తెప్పించి ఇచ్చింది ఆమె. వీరవేణి చేతికి పెట్టుకుంది. తెర మీద డెబ్బై నాలుగో చెయ్యి వెలిగి, కాసేపటికి పసుపయింది. సెలవురోజు కూడా పసుపే. కమలిని మొహం ముడిచింది.

"ఇప్పుడు మీరు పెట్టుకోండి."

"నేనా?"

"ఒక్క నిమిషమండీ."

గాజు కమలిని చేతికి మారింది. తెర మీద డెబ్బై నాలుగో చెయ్యి నెమ్మదిగా రంగు మార్చుకుని, నవనవలాడుతూ పచ్చబడింది. పక్కన అక్షరాలు వచ్చాయి: పూర్తిగా కోలుకున్నారు.

కమలిని తన మణికట్టు వంక చూసుకుంది. తెర వంక చూసింది. మళ్లీ మణికట్టు వంక చూసుకుంది.

"ఎంతమంది?" అంది చివరికి.

"అందరం అండి."

"ఎన్నాళ్లుగా?"

"ఆ కాగితం అంటించిన కాడ్నుంచి."

ఆమె కుర్చీలో వెనక్కి వాలిపోయింది. "నాలుగు నెలలు. అది నేర్చుకున్నదంతా... మీరు దానికి అబద్ధం చెప్పారు వీరవేణీ!"

"అవునండి. నిజం చెప్పినంతకాలం ఇంటికి పంపుతామన్నారు కదండి."

కింద బెల్టు హోరు అద్దంలోంచి సన్నగా వినిపిస్తోంది. వీరవేణికి తన మీదే విసుగొచ్చింది. బాగా అలుపుగా ఉంది. కూర్చోమని ఎవరూ అనకుండానే అక్కడున్న స్టూలు మీద కూర్చుంది.

"పిన్ని పడిపోయింది నా వల్లండి. మార్చుకుందామన్నది నేనే. శుక్రవారం వచ్చే పదకొండు కంపెనీల్లోనూ మాలాంటోళ్లే ఉంటారు కదండి. వాళ్లకి గాజులు మార్చుకోవడం కూడా తెలియదు. రెండు నిమిషాలు చాలని వాళ్లచేత కూడా చేయిస్తారు."

"రిజర్వు తీసెయ్యడం నా చేతుల్లో లేదు," అంది కమలిని. "నేను చెప్పినా వినరు. కానీ బెల్టు నా చేతుల్లో ఉంది. నాలుగు నెలల్లో అది నేర్చుకున్నది తీసేసి, పాత పద్ధతి పెట్టగలను. పసుపైతే నెమ్మదించడం, ఎరుపైతే ఆగడం. కాని మీరు ఎవరి గాజు వాళ్లు పెట్టుకోవాలి. లేకపోతే మళ్లీ ఇదే నేర్చుకుంటుంది."

"మా పేర్లు లిస్టులోకి పోతాయండి."

"పోవచ్చు," అంది కమలిని, అబద్ధమాడకుండా.

గురువారం సాయంత్రం తిరుగుబస్సులో వీరవేణి అందరికీ చెప్పింది. జేబులో గాజు దాచిన సంగతి కూడా చెప్పింది. బస్సు ఒక్కసారిగా అగ్గయిపోయింది.

"ఎల్లి చెప్పేసిందంటండీ, మహాతల్లి!" లోవలక్ష్మి సీట్లోంచి లేచిపోయింది. "నీకేమే? నీ మొగుడు చెరువు మీద పనికి పోతాడు, ఇంట్లో అత్త ఉంది. నాకెవరున్నారే? రేపు నన్ను రావద్దంటే నువ్వొచ్చి వండిపెడతావా?"

"ఆ పాడు ఐడియా ఇచ్చిందీ నువ్వే, ఇప్పుడు వద్దంటందీ నువ్వే!" అంది ఇంకొకావిడ.

వీరవేణి ఎవరితోనూ వాదించలేదు. వాదించే ఓపిక లేదు. తన చూపుడువేలు ఎత్తి చూపించింది. గోరు దిగినచోట నల్లగా కమిలి ఉంది. "నిన్న పిన్ని గిల్లింది. నాకు తెలియలేదు లోవలక్ష్మక్కా. మొన్న పాప మీద కాగే నీళ్లు పోసేదాన్ని. ఎవరి ఇష్టం వాళ్లది. నేను మాత్రం రేపు నా గాజే పెట్టుకుంటాను."

ఒకావిడ తొడుగు అచ్చు పడిన తన చేతివేళ్లను పళ్లతో నెమ్మదిగా కొరికి చూసుకుంది. ఆవిణ్ని చూసి పక్కావిడ కూడా.

శుక్రవారం మొదటి కడుగుడు. స్టీలు పళ్లెంలో గాజులన్నీ ఉన్నాయి. వీరవేణి వెతికి డెబ్బై నాలుగు తీసుకుంది. వెనకాల ఎవరూ కదల్లేదు. అద్దాలగదిలో బూట్లు తళతళలాడే మనుషులు పదిహేనుమంది దాకా నిలబడి కిందికి చూస్తున్నారు. మధ్యలో కమలిని.

లోవలక్ష్మి ముందుకొచ్చింది. పళ్లెంలో చెయ్యి పెట్టి అటూ ఇటూ కలిపింది. తన గాజు దొరికింది. "నా మొహాన ఏం రాసుందో," అని గొణుక్కుంటూ పెట్టుకుంది. అప్పుడు మిగతావాళ్లూ వచ్చారు. ఇద్దరు ముగ్గురు మాత్రం వేరేవాళ్లవే పెట్టుకున్నారు, వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. అందరూ వెళ్లాక పళ్లెంలో ఒక్కటి మిగిలింది. అరవై ఒకటి.

బెల్టు పాత వేగంతోనే మొదలైంది. చాలాకాలానికి చేతులు రొయ్యల వెంట పరుగెత్తనవసరం లేకపోయింది. అయినా నాలుగు నెలల అలుపు ఒంట్లో ఎక్కడికీ పోలేదు. ముందు వీరవేణి గాజు పసుపయింది. పక్కావిడది. ఎదురుగా ఇద్దరివి. రెండో కడుగుడు దాకా కూడా రాలేదు. ఒక్కొక్కటీ ఎర్రబడడం మొదలైంది. ఇటు చివర్నుంచి అటు చివరిదాకా, ఒలుపు బల్లకు రెండువైపులా, తెల్లకోటు చేతుల మీద ఎర్రటి చుక్కలు.

బెల్టు ఆగిపోయింది.

ఆ షెడ్డు హోరు లేకుండా ఎలా ఉంటుందో ఎవరికీ గుర్తులేదు. ఎక్కడో ఐసు కరిగి నీటిబొట్లు పడుతున్న చప్పుడు వినిపించింది. పెట్టెలో ఆడగొంతు పలికింది. "వీరవేణి గారూ, పది నిమిషాలు విశ్రాంతి తీసుకోండి. చక్రవేణి గారూ, పది నిమిషాలు విశ్రాంతి తీసుకోండి. లోవలక్ష్మి గారూ..." ఒక్కొక్కరి పేరూ, ఏ ఒక్కరినీ వదలకుండా, గారు చేర్చి చదువుతూ పోయింది.

"మేడం! చేత్తో నడపండి!" తాతాజీ అద్దాల వైపు చూసి అరిచాడు. "స్విచ్ మీ పక్కనే ఉందండీ! పెద్దోళ్లు చూస్తున్నారు!"

అందరూ పైకి చూశారు. స్విచ్ నిజంగానే ఆమె పక్కనే ఉంది. పక్కనున్న ఒకాయన ఏదో అడుగుతున్నాడు. కమలిని చేతులు కట్టుకుంది. తెర వైపు చూపించి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. స్విచ్ వైపు చెయ్యి వెయ్యలేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెచ్చగదిలో అట్టపెట్టెలు పక్కకు నెట్టి వాటి మీదే కూర్చున్నారు. టీ లేదు. లోవలక్ష్మి గోడకు ఆనుకుని, రెండు నిమిషాల్లో నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఆవిడ తల పక్కకు వాలిపోతే వీరవేణి తన భుజం అడ్డం పెట్టింది.

మూడింటికి బస్సు ఎక్కేటప్పుడు రేపు రమ్మని గానీ వద్దని గానీ ఎవరూ చెప్పలేదు. తాతాజీ బోర్డు దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. కాగితం ఇంకా అక్కడే ఉంది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు నీళ్లు కాచి ఉంచింది. పాపకు నలుగు పెట్టింది కూడా. వీరవేణి చీర పైకి దోపుకుని పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. పాపను కాళ్ల మీద వేసుకుంది. బకెట్ వైపు చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది.

"అత్తయ్యా."

"ఏంటమ్మా?"

"నీళ్లు మీరు చూడండి. నా చేతికి తెలియడం లేదు."

అత్తగారు సాంబ్రాణి పళ్లెం కింద పెట్టింది. వచ్చి పక్కన గొంతుక్కూర్చుని బకెట్లో చెయ్యి పెట్టింది. రెండు చెంబుల చన్నీళ్లు పోసింది. మళ్లీ చూసింది. ఇంకో సగం చెంబు పోసింది.

"ఎన్నాళ్లయిందే?"

"మూడు నెలలు."

"మూడు నెల్ల నుంచీ నా మనవరాలికి ఎలా పోత్తన్నావే మరి?"

"మోచెయ్యి పెట్టి చూసి," అంది వీరవేణి.

ముసలావిడ కోడలి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. నలుగుకు తెచ్చిన నూనెగిన్నెలోంచి కాస్త నూనె తీసి, ఒక్కో వేలికీ, కణుపు కణుపుకీ రాయడం మొదలుపెట్టింది. తిట్టలేదు. ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు పెదాలు మాత్రం కదులుతున్నాయి.

నీళ్లు పోసేవాళ్లు లేక పాప విసుక్కుంది. వెల్లకిలా తిరిగి, కాళ్లు తన్ని, అందిన వేలిని అందినట్టు పట్టుకుంది. వీరవేణి చూపుడువేలు అది, కమిలినది.

ఎంత గట్టిగా పట్టుకుందో వీరవేణికి తెలియలేదు. తల వంచి కళ్లతో చూసుకుంది. చిన్న గుప్పెట తెల్లబడిపోయేంత గట్టిగా పట్టుకుంది.